ఏడు జెండాలు కలిసిన ఏడాదే మన రెండు జెండాలు కొట్లాడుకున్నాయి

1967 ఫిబ్రవరిలో కేరళ శాసనసభకు జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్‌కు నూటికి 35 ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 9. సభలో మొత్తం స్థానాలు 133. అందులో 110కి పైగా ఏడు పార్టీల కూటమి గెలుచుకుంది. సీపీఎం, సీపీఐ, సంయుక్త సోషలిస్టు పార్టీ, ఆర్‌ఎస్‌పీ (రివల్యూషనరీ సోషలిస్టు పార్టీ), ముస్లిం లీగ్, కేరళ సోషలిస్టు పార్టీ, కర్షక తొళిలాళి పార్టీ. మలయాళీలు దాన్ని సప్తకక్షి మున్నణి అన్నారు. మార్చి 6న ఈ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ రెండోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్‌లోనూ ఓట్లు పడ్డాయి. 287 స్థానాల్లో సీపీఐకి 11, సీపీఎంకి 9 దక్కాయి. ఐదేళ్ళ ముందు, 1962లో, కమ్యూనిస్టు పార్టీ ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు 51 మంది గెలిచి సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చున్నారు. 1967కి వచ్చేసరికి రెండు పార్టీలూ ఒకదాని మీద ఒకటి అభ్యర్థుల్ని నిలబెట్టుకున్నాయి. చీలిన పార్టీ కేరళలో కలిసి పోటీ చేసి రాష్ట్రాన్నే గెలిచింది. మన దగ్గర విడివిడిగా పోటీ చేసి ఉన్న ఊళ్ళు కూడా పోగొట్టుకుంది.

ఇందులో నాకు ఎప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. అప్పుడు ఆ రెండు పార్టీలకూ అఖిల భారత ప్రధాన కార్యదర్శులు తెలుగువాళ్ళే. సీపీఎంకి పుచ్చలపల్లి సుందరయ్య, సీపీఐకి చండ్ర రాజేశ్వరరావు. ఒకే పార్టీలో పెరిగినవాళ్ళు, తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపించినవాళ్ళు. చీలికను ఖాయం చేసిన 1964 జులై సదస్సు జరిగింది కూడా మన తెనాలిలోనే. వాళ్ళ పార్టీలు త్రివేండ్రంలో కూర్చుని సీట్లు పంచుకోగలిగాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో పంచుకోలేకపోయాయి.

తెలుగు నేల మీద వామపక్షానికి జనం లేకపోవడం ఎప్పుడూ అసలు సమస్య కాలేదు. సొంత కూటమి లేకపోవడమే సమస్య అయింది. ఎన్నికలకు ముందే, నియోజకవర్గాల వారీగా మాట్లాడుకుని, గెలిస్తే ఏం చేస్తామో రాసుకుని, తానే నడుమ నిలబడి కట్టే కూటమి ఒక్కటంటే ఒక్కటి మన దగ్గర నిలబడలేదు. దాని బదులు పెద్ద పార్టీల కూటముల్లో నాలుగు టికెట్ల కోసం ఎదురుచూడటం అలవాటైంది. ఈ అలవాటు ఎంత ఖరీదైనదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఈ మాట ఎక్కడ ఎత్తినా వచ్చే జవాబు ఒక్కటే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ ముగిసి బయటకొచ్చి టీ తాగుతున్నప్పుడు విన్నాను, ఆఫీసులో విన్నాను, మా బంధువుల ఇళ్ళలో విన్నాను. "అది కేరళ భయ్, అక్కడ అందరూ చదువుకున్నోళ్ళు. మనకూ వాళ్ళకూ పోలికా?" ఈ మాటతో చర్చ అయిపోయిందనుకుంటారు. నా లెక్క ప్రకారం అసలు చర్చ అక్కడే మొదలవ్వాలి. ఎందుకంటే 1950ల్లో ఓట్ల పుస్తకం తెరిస్తే మనకూ వాళ్ళకూ పెద్ద తేడా కనపడదు.

1952 సంగతే చూడండి. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో, అంటే కొన్ని నెలల ముందే. కార్యకర్తల్లో చాలామంది జైళ్ళలో ఉన్నారు. పార్టీ పేరు పెట్టుకోవడానికి వీల్లేక పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) అనే పేరుతో నిలబడ్డారు. 175లో 42 గెలిచారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నెహ్రూకు పడినవాటికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గెలిచారు. అటు మద్రాసు రాష్ట్రంలో 375కి 62 మంది కమ్యూనిస్టులు గెలిస్తే అందులో ఎక్కువమంది ఆంధ్ర జిల్లాల వాళ్ళే. బడి మొహం చూడని కూలీలు, పాలేర్లు, గొల్లవాళ్ళు వేసిన ఓట్లవి. చదువు లేకపోవడం వాళ్ళకు అప్పుడు అడ్డం రాలేదు.

మూడేళ్ళ తర్వాత, 1955లో, కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారని ఢిల్లీ నిజంగానే భయపడింది. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై, ప్రతి చోటా ఎర్రజెండాకు ఎదురుగా ఒకే అభ్యర్థి ఉండేలా చూసుకున్నాయి. మాస్కో నుంచి వచ్చే 'ప్రావ్దా' ఆ జనవరిలో నెహ్రూను మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, దాన్ని కూడా కాంగ్రెస్‌వాళ్ళు ఊరూరా పంచారు. ఫలితం: కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు, 196లో 15 సీట్లు. కాంగ్రెస్ కూటమికి 146.

ఇంకో రెండేళ్ళకు, 1957లో, కేరళలో కమ్యూనిస్టులకు నూటికి 35 ఓట్లు వచ్చాయి. సీట్లు 126లో 60. వాళ్ళు బలపరిచిన స్వతంత్రులు మరో ఐదుగురు. ప్రభుత్వం ఏర్పడింది. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు దాదాపు 38 శాతం, అంటే కమ్యూనిస్టులకంటే ఎక్కువే. అయినా ఓడిపోయింది. అక్కడ కాంగ్రెస్‌తో ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగ్, ఆర్‌ఎస్‌పీ కలవలేదు కాబట్టి.

ఆంధ్రలో 31, కేరళలో 35. నూటికి నాలుగు ఓట్ల తేడా. దాన్ని పట్టుకుని ఒక జాతి ఎర్రగా పుట్టిందనీ, ఇంకో జాతికి ఆ రంగు అంటదనీ తీర్మానం చేయగలమా? గెలుపు ఓటములను తేల్చింది ఎదుటివాళ్ళు కలిశారా విడిపోయారా అన్నదే. ఇది నా ఊహ కాదు, కేరళే మళ్ళీ నిరూపించింది. 1959 జులై 31న ఈ.ఎం.ఎస్. ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. 1960లో ఎన్నికలు పెడితే ఈసారి కాంగ్రెస్, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగ్ చేతులు కలిపారు. కమ్యూనిస్టుల ఓట్లు 39 శాతానికి పెరిగాయి. సీట్లు 29కి పడిపోయాయి. మన 1955 కేరళలో ఐదేళ్ళు ఆలస్యంగా జరిగిందన్నమాట.

తేడా వచ్చింది ఆ తర్వాత. దెబ్బ ఇద్దరికీ ఒకటే తగిలింది, పాఠం ఒకరే నేర్చుకున్నారు.

అదీ అంత తేలికగా నేర్చుకోలేదు. పార్టీ చీలాక 1965లో కేరళలో ఎన్నికలు వస్తే రెండు కమ్యూనిస్టు పార్టీలూ అక్కడా ఎదురెదురు నిలబడ్డాయి. సీపీఎం అభ్యర్థులు చాలామంది జైల్లో ఉండే గెలిచారు. 40 సీట్లతో అదే అతిపెద్ద పార్టీ. సీపీఐకి 3. ఎవరికీ మెజారిటీ లేదు, సభ ఒక్కసారి కూడా కూర్చోకుండానే రద్దయింది. రెండేళ్ళలో వాళ్ళు దిగివచ్చారు. 40 ఉన్న పార్టీ 3 ఉన్న పార్టీతో కూర్చుని మాట్లాడింది. 1967లో సీపీఎంకి 52, సీపీఐకి 19 వచ్చాయి. పశ్చిమ బెంగాల్‌లోనూ ఇదే జరిగింది. 1967లో అక్కడ వామపక్షాలు రెండు కూటములుగా పోటీపడ్డాయి, 1969లో ఒక్కటిగా పోటీ చేసి 280లో 214 గెలిచాయి.

కేరళ కూటమిలో ఎవరెవరు ఉన్నారో మళ్ళీ ఒకసారి చదవండి. ముస్లిం లీగ్, 1959లో ఈ.ఎం.ఎస్. ప్రభుత్వాన్ని దించడానికి జరిగిన 'విమోచన సమరం'లో పాల్గొన్న పార్టీ. ఆర్‌ఎస్‌పీ కూడా అంతే. కర్షక తొళిలాళి పార్టీని పెట్టింది ఫాదర్ వడక్కన్ అనే కేథలిక్ మతాచార్యుడు. కమ్యూనిజాన్ని ఎదిరించడమే తన పని అని ఊరూరూ తిరిగిన మనిషి ఆయన. మలనాడు కొండల్లో పేద రైతుల్ని భూముల నుంచి ఖాళీ చేయిస్తుంటే వాళ్ళ పక్షాన నిలబడి, ఆ పోరాటంలో తన పక్కకు వచ్చి నిలబడింది కమ్యూనిస్టులేనని గమనించి, వాళ్ళతో చేతులు కలిపాడు. తమను గద్దె దించినవాళ్ళతోనే కమ్యూనిస్టులు ఎనిమిదేళ్ళలో ఒప్పందానికి వచ్చారు. దీన్ని అవకాశవాదం అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను అలా అనను. బియ్యం దొరక్క, రేషన్ కోత పడి కేరళ అల్లాడుతున్న రోజులవి. ఆకలి మీద, భూమి మీద ఒక మాటకు వచ్చినవాళ్ళు పాత పగలు పక్కన పెట్టారు. మన దగ్గర ఇద్దరు అన్నదమ్ముల్లాంటి పార్టీలు ఆ పని చేయలేదు.

"ఆ కూటమి నిలబడిందా?" అని అడుగుతారు. నిలబడలేదు. 1969 అక్టోబరులో కూలింది. సీపీఐ, లీగ్, ఆర్‌ఎస్‌పీ బయటికొచ్చాయి, సీపీఐ నాయకుడు సి. అచ్యుత మీనన్ ముఖ్యమంత్రి అయ్యారు, సీపీఎం ప్రతిపక్షంలోకి వెళ్ళింది. రెండు పార్టీలూ మళ్ళీ ఏళ్ళ తరబడి తిట్టుకున్నాయి. మూడేళ్ళు కూడా పూర్తి కాని ఆ ప్రభుత్వాన్ని విఫల ప్రయోగంగా కొట్టిపారేసేవాళ్ళు చాలామంది. కానీ ఆ కాలంలోనే, కె.ఆర్. గౌరి అమ్మ రెవెన్యూ మంత్రిగా ఉండగా, 1969 భూసంస్కరణల సవరణ చట్టం వచ్చింది. 1957లో మొదలుపెట్టి, ప్రభుత్వం రద్దుతో ఆగిపోయిన పని అది. 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కౌలు వ్యవస్థే రద్దయింది. దున్నేవాడు యజమాని అయ్యాడు. ఇంకొకరి జాగాలో గుడిసె వేసుకుని బతికే 'కుడికిడప్పుకారన్'కు పంచాయతీలో 10 సెంట్లు, మునిసిపాలిటీలో 5, నగర కార్పొరేషన్‌లో 3 సెంట్ల మీద హక్కు వచ్చింది.

చట్టం చేసింది ఒకరు, అమలు చేయాల్సింది వాళ్ళతో తెగతెంపులు చేసుకున్న ఇంకొకరు. అయినా అది ఎందుకు కాగితం మీదే ఉండిపోలేదు? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైనది ఇదే. ప్రతిపక్షంలో ఉన్న సీపీఎం 1969 డిసెంబరులో ఆలప్పుళలో రైతుల, కూలీల సదస్సు పెట్టి, జనవరి ఒకటో తేదీ నుంచి హక్కును తామే అమలు చేసుకోమని పిలుపిచ్చింది. గుడిసె చుట్టూ పది సెంట్లకు జనమే కంచె వేసుకున్నారు, ఆ జాగాలోని కొబ్బరికాయలు దింపుకున్నారు. పోలీసు కేసులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. బయట ఆ ఒత్తిడి, లోపల పేరు నిలబెట్టుకోవాల్సిన ప్రభుత్వం. రెండు ఎర్ర పార్టీలు పోటీపడుతున్నా ఇద్దరి మధ్య చట్టం ఒకటే. 1967 గెలుపు మిగిల్చింది ఆ చట్టాన్ని.

హైదరాబాద్‌లో ఉంటూ దీన్ని చదువుతుంటే నాకు కౌలు చట్టంలోని 38ఈ సెక్షన్ గుర్తుకు రాకుండా ఉండదు. నగరం చుట్టూ ప్లాటు కొన్నవాళ్ళకు ఈ అంకె తెలుసు. 'పీటీ ల్యాండ్, జాగ్రత్త' అని బ్రోకర్లు చెవిలో చెబుతారు, పీటీ అంటే ప్రొటెక్టెడ్ టెనెంట్, రక్షిత కౌలుదారు. సాయుధ పోరాటం వేడి ఇంకా చల్లారకముందే వచ్చిన 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం అది. ఏళ్ళుగా దున్నుతున్నవాళ్ళను రక్షిత కౌలుదారులుగా రాసుకుని, వాళ్ళకు యాజమాన్యం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. కాగితం మీద కేరళ చట్టానికంటే ఇరవై ఏళ్ళు ముందుంది. అమలు చేసే ప్రభుత్వం మాత్రం భూస్వాములతో నిండిన ప్రభుత్వం. యాజమాన్యం ఇచ్చే 38ఈ సెక్షన్ చాలా జిల్లాల్లో 1970ల దాకా కదలలేదు. ఈలోపు కౌలుదార్లు ఏమయ్యారో ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో 1950ల్లోనే అధ్యయనం చేసి చూపించారు. పెద్ద సంఖ్యలో ఖాళీ చేయించారు, లేదంటే 'స్వచ్ఛందంగా వదులుకున్నాం' అని రాయించుకున్నారు.

మా అమ్మమ్మ తరఫువాళ్ళది ఇబ్రహీంపట్నం వైపు ఊరు. అమ్మమ్మ మామ పేరు మీద రక్షిత కౌలుదారు సర్టిఫికెట్ ఉండేది. భూమి ఉండేది కాదు. ఆ భూమిలో ఇప్పుడు వెంచర్ ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర కాపలాకు ఆ ఊరి మనుషులే ఉన్నారు. ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. రంగారెడ్డి జిల్లాలో ఏ ఊళ్ళో అడిగినా ఇలాంటి కాగితం ఒకటి బయటికి తీస్తారు. ఆ కాగితం వెనక నిలబడే ప్రభుత్వం కొన్నేళ్ళయినా ఉండి ఉంటే? అలాంటి ప్రభుత్వం రావడం అసాధ్యమేమీ కాదని పైన చెప్పిన 31 శాతం, 42 సీట్లు చెబుతున్నాయి.

చీలిక తర్వాత మన దగ్గర ఏం జరిగిందో తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో సంతోషపడాల్సింది తక్కువ. నక్సల్బరీ, శ్రీకాకుళం తిరుగుబాట్లు వచ్చాయి. 1968లో తరిమెల నాగిరెడ్డి వెంట సీపీఎం నుంచి పెద్ద వర్గం వెళ్ళిపోయింది. 1972లో సీపీఐకి 7, సీపీఎంకి 1. తెలుగుదేశం వచ్చాక 1985లో దానితో పొత్తులో చెరి 11. 1994లో మళ్ళీ తెలుగుదేశంతో సీపీఐకి 19, సీపీఎంకి 15. చీలిక తర్వాత అదే పెద్ద సంఖ్య, అప్పుడు సంబరాలు కూడా జరిగాయి. 1999కి తెలుగుదేశం బీజేపీ వైపు వెళ్ళింది. ఆ 34 కాస్తా 2 అయ్యాయి. ఇతరుల కూటమిలో గెలిచిన సీటు ఇతరులదే. వాళ్ళు దారి మార్చుకున్న రోజు అది కూడా వాళ్ళ వెంటే పోతుంది.

బషీర్‌బాగ్ గుండా వెళ్ళినప్పుడల్లా 2000 ఆగస్టు 28 గుర్తొస్తుంది. కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు ముందుండి నడిపిన ఉద్యమం అది. అసెంబ్లీ వైపు వెళ్తున్న జనం మీద గుర్రాలు తోలారు, నీళ్ళ ఫిరంగులు వాడారు, చివరికి కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఈ నగరంలో ఎర్రజెండా వెనక మామూలు ఇళ్ళ ఆడవాళ్ళు, పల్లెల నుంచి వచ్చిన రైతులు అంతమంది నడిచారు. ఆ కోపం 2004లో ఓట్లయింది. కాంగ్రెస్ గెలిచింది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆయన పాదయాత్ర చేశారు, ఆ గెలుపులో ఆయన వాటా ఆయనకుంది. కానీ లాఠీలు తిన్నది, చనిపోయినవాళ్ళను మోసింది ఎవరు? దున్నింది ఒకరు, కోసుకున్నది ఇంకొకరు. పొత్తులో సీపీఎంకి 9, సీపీఐకి 6 దక్కాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2007 జులై 28న, ఖమ్మం జిల్లా ముదిగొండలో ఇళ్ళ స్థలాలు, భూమి అడుగుతున్నవాళ్ళ మీద తాము గెలిపించిన ప్రభుత్వమే కాల్పులు జరిపింది. ఏడుగురు చనిపోయారు.

తెలంగాణ వచ్చాక కూడా మారలేదు. 2018లో సీపీఎం బహుజన్ లెఫ్ట్ ఫ్రంట్ కట్టింది. సీపీఐ కాంగ్రెస్, తెలుగుదేశం ఉన్న మహాకూటమిలోకి వెళ్ళింది. ఇద్దరికీ సున్నా. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నిక. సీపీఐ చాలాసార్లు గెలిచిన నియోజకవర్గం అది. రెండు పార్టీలూ టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చాయి. టీఆర్‌ఎస్ పదివేల పైచిలుకు ఓట్లతో బయటపడింది. ఆ తేడాలో ఎర్రజెండా ఓట్లు ఎన్నో మునుగోడువాళ్ళను అడిగితే చెబుతారు. తొమ్మిది నెలల తర్వాత, 2023 ఆగస్టులో, బీఆర్‌ఎస్ 115 మంది అభ్యర్థుల జాబితా ఒకేసారి ప్రకటించింది. వామపక్షాలకు ఒక్క చోటు లేదు. అప్పుడు రెండూ కాంగ్రెస్ వైపు చూశాయి. సీపీఐకి కొత్తగూడెం ఒక్కటి ఇచ్చారు, గెలిచింది. సీపీఎంతో మాటలు తెగిపోయాయి, 19 చోట్ల ఒంటరిగా నిలబడి ఎక్కడా గెలవలేదు. ఆ వారాల్లో రెండు పార్టీలూ ముందు ఒకదానితో ఒకటి కూర్చుని, ఉమ్మడి జాబితా ఒకటి బయటపెట్టి, ఆ తర్వాత ఎవరితోనైనా మాట్లాడి ఉంటే బేరం ఇంకోలా ఉండేది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కులం సంగతి. కేరళలో ఎర్రజెండా రాకముందే నారాయణ గురు, అయ్యంకాళి నేల దున్ని పెట్టారు. గుడిలోకి, బడిలోకి, రోడ్డు మీదికి నడిచే హక్కు కోసం పోరాడిన జనమే తర్వాత కమ్యూనిస్టులయ్యారు. మన దగ్గర కృష్ణా, గుంటూరుల్లో నాయకత్వం ఎక్కువగా భూమి ఉన్న రైతు కులాలది, తెలంగాణలో రెడ్లది. కూలీ ఆ జెండా పట్టుకున్నాడు, కమిటీలో కుర్చీ దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఈ విమర్శ నిజం. కేరళ చట్టానికి కూడా ఈ లోపం అంటింది. తోటలకు మినహాయింపు ఇచ్చారు. సాగుభూమి ఎక్కువగా కౌలుదార్లకు పోయింది, దళితులకు దక్కింది చాలా చోట్ల ఇంటి జాగానే. ఆదివాసులకు జరిగిన అన్యాయం మీద 2003లో ముత్తంగ పోరాటం దాకా వెళ్ళాల్సి వచ్చింది.

కానీ ఈ విమర్శ నుంచి నేను తీసే ముగింపు వేరు. ఎర్రజెండా అంబేద్కరైట్ల నీలిజెండాతో కలవాలనే కదా ఇది చెబుతున్నది? అలా కలవడానికి 2018లో ఒక ప్రయత్నం జరిగింది, దాన్ని నేను ఎగతాళి చేయను. అది ఎన్నికల సంవత్సరంలో పుట్టింది, ఎన్నికలతోనే చల్లబడింది. పైగా సగం వామపక్షం దాని బయట ఉంది. కూటమి అన్నది నామినేషన్ల ముందు పుట్టేది కాదు. ఫాదర్ వడక్కన్ మలనాడులో ఖాళీ చేయించే చోట కమ్యూనిస్టుల్ని కలిశాడు. పోడు భూముల దగ్గర, బస్తీల కూల్చివేతల దగ్గర, హాస్టళ్ళ మూసివేతల దగ్గర కలిసి నిలబడ్డవాళ్ళ మధ్యే సీట్ల సర్దుబాటు నిజాయితీగా జరుగుతుంది.

కూటమి ఉంటే చాలని కూడా నేను అనుకోను. బెంగాల్‌లో లెఫ్ట్ ఫ్రంట్ 1977లో 294లో 231 గెలిచింది. బర్గాదార్ల, అంటే పంట పంచుకునే కౌలుదార్ల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించింది, 1978లో పంచాయతీ ఎన్నికలు పెట్టి ఊరి అధికారాన్ని ఊళ్ళోకి తెచ్చింది. 34 ఏళ్ళు ఉంది. ముదిగొండ జరిగిన ఆ 2007లోనే, మార్చి 14న, నందిగ్రామ్‌లో భూమి ఇవ్వడానికి ఒప్పుకోని రైతుల మీద ఆ ప్రభుత్వ పోలీసులే కాల్పులు జరిపారు. పద్నాలుగు మంది చనిపోయారు. నందిగ్రామ్‌ను సమర్థిస్తూ ముదిగొండ మీద కన్నీళ్ళు పెట్టుకోలేం. ఏ రైతుల వల్ల గెలిచారో ఆ రైతులకే వ్యతిరేకంగా నడిచినప్పుడు 2011లో బెంగాల్ జనం వాళ్ళను పంపేశారు, పంపడం న్యాయమే.

హైదరాబాద్ సంగతికి వస్తే, ఆజామాబాద్, సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర జెండా ఎగరేసిన యూనియన్లు చాలా వరకు ఆ ఫ్యాక్టరీలతోనే పోయాయి. ఆల్విన్ లేదు, ప్రాగా టూల్స్ లేదు. ఇప్పుడు ఈ నగరంలో కార్మికుడు అంటే బైక్ మీద అన్నం సంచి మోసే కుర్రాడు, అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్డులో ఉండే వలస కూలీ, ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మ. వీళ్ళ ఓటు చాలామందికి ఈ నగరంలో లేదు, ఊళ్ళో ఉంది. ఊళ్ళో ఉన్న వాళ్ళ నాన్న కౌలు రైతు. రైతుబంధు 2018లో మొదలైతే ఆ డబ్బు పట్టాదారుకే వెళ్ళింది, దున్నేవాడికి పైసా రాలేదు. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్‌నే తీసేశారు. రికార్డులో దున్నేవాడి పేరే లేకుండా పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు కార్డులిచ్చే చట్టం వచ్చింది, దాన్ని కూడా పక్కన పడేశారు. 1950లో హైదరాబాద్ చట్టం రాసుకున్న మాట ఇంకా బాకీ ఉంది.

కాబట్టి నేను రెండు పార్టీల మిత్రులనూ, వాళ్ళతో కలిసే అంబేద్కరైట్, ఆదివాసీ, విప్లవ సంఘాల మిత్రులనూ అడిగేది ఇది. వచ్చే ఎన్నికల్లో ఎవరితో పొత్తు అన్న ప్రశ్న ఇప్పుడే పక్కన పెట్టండి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రిలో నియోజకవర్గాలను పేరు పేరునా ముందేసుకుని, ఎక్కడ ఎవరు పనిచేస్తున్నారో చూసి, అక్కడ వాళ్ళకే వదిలేయండి. ఎక్కువ బలం ఉన్నవాళ్ళు ముందు దిగివచ్చి మాట్లాడండి, 40 ఉన్న పార్టీ 3 ఉన్న పార్టీతో మాట్లాడినట్టు. కౌలు రైతు పేరు రికార్డులోకి, పోడు రైతుకు పట్టా, బస్తీలో ఉన్న ఇంటికి హక్కు పత్రం, యాప్‌ల మీద పనిచేసేవాళ్ళకు పీఎఫ్, ప్రమాద బీమా. ఈ నాలుగింటి మీద సంతకం పెట్టిన ప్రతి సంఘానికీ చోటివ్వండి. ఆ కాగితం అయ్యాక పెద్ద పార్టీ ఏదైనా తలుపు తడితే, కలిసి వెళ్ళి తలుపు తీయండి, లేదా కలిసే తీయకుండా ఉండండి. ఒక ఎన్నికలో సున్నా రావచ్చు. 2018లో విడివిడిగా వెళ్ళినా సున్నానే వచ్చింది కదా, కలిసి సున్నా తెచ్చుకుంటే ఐదేళ్ళు కలిసి పనిచేయడానికి ఆ కాగితమైనా చేతిలో ఉంటుంది.